మూడేళ్ల అనుభవం కొనుక్కోమంటున్న మెసేజ్‌కి జవాబు

దసరాకి తిరుపతి వచ్చినప్పుడు మా పిన్ని కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించాడు. వాళ్ల హాస్టల్లో అందరి ఫోన్లలోనూ ఉందట. సారాంశం నాలుగు మాటలు. ఫ్రెషర్ రెజ్యూమే ఎవరూ తెరవరు, మూడేళ్ల అనుభవం ‘పెట్టించుకోవాలి’. ఐదొందల ప్రోగ్రాములు బట్టీ పడితే చాలు. ఇంగ్లీష్ గడగడా రాకపోతే మొదటి రౌండ్‌లోనే ఇంటికి. చివరికి ఉద్యోగం డబ్బు కట్టినవాడికే.

నేను బెంగళూరులో ఆరేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఈ మెసేజ్ నమ్మినవాళ్లు వచ్చి కూర్చునేది నా ఎదుటే.

ఫ్రెషర్లకి పిలుపు రావడం కష్టమే, కాదనను. కానీ దొంగ అనుభవం ఎక్కడ దొరికిపోతుందో అమ్మేవాడు చెప్పడు. ఉద్యోగుల పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్)కి 2014 నుంచి యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) అని 12 అంకెల నంబర్ ఉంది. కంపెనీ మారినా నంబర్ మారదు. ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. మనం చెప్పినవి నిజమేనా అని చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు అది అడుగుతాయి. అక్కడ ఖాళీగా ఉంటే పేస్లిప్పులు ఎంత అందంగా ప్రింట్ చేయించినా దండగే. ‘పీఎఫ్ కూడా మేమే కడతాం’ అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఉత్తుత్తి కంపెనీల పేర్లు పెద్ద సంస్థల దగ్గర రాసిపెట్టి ఉంటాయప్పా! చేరిన ఏడాదికి బయటపడినా తీసేస్తారు.

అసలు అందాకా పోయేవాళ్లే తక్కువ. ఒకబ్బాయి బ్యాంకు ప్రాజెక్ట్‌లో మూడేళ్లు చేశానన్నాడు. ‘అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మీకు ఫోన్ ఎవరు చేసేవాళ్లు?’ అని అడిగాను. అదేమీ కోడింగ్ ప్రశ్న కాదు. నిజంగా చేసినవాడైతే తిట్టుకుంటూ పది నిమిషాలు చెప్తాడు. ఇతను నీళ్లు నమిలాడు. యాస మన వైపుదే అనిపించింది. ఏ ఊరని అడగడానికి మనసొప్పలేదు.

బట్టీ సంగతి. చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చిన పది లక్షల అంకెల్లో ఒకటి వెతకాలంటే, ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే 20 సార్లు చూస్తే సరిపోతుంది. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు, అందరికీ కంఠతా వచ్చు. ‘అదే అంకె పదిసార్లు ఉంటే, మొదటిది ఎక్కడుందో చెప్పు’ అంటాను. మార్చాల్సింది రెండు మూడు లైన్లే. బట్టీ పట్టినవాడు మళ్లీ మొదటి నుంచి అప్పజెప్తాడు. సాధన వద్దనడం లేదు. యాభై లెక్కలు చేసి ప్రతిదీ ఎందుకు పనిచేస్తోందో చెప్పగలిగితే నాకు అదే ఎక్కువ.

ఇంగ్లీష్ గురించి పెద్దగా చెప్పను, నాది వింటే మీరే నవ్వుతారు. క్యాంపస్ సెలెక్షన్లలో కొన్నిచోట్ల ఇంగ్లీష్ పరీక్ష ఉంటుంది, దానికి చదవాల్సిందే. నా దగ్గర మాత్రం ముక్కలు ముక్కలుగా చెప్పినా విషయం అర్థమైతే చాలు.

డబ్బు మాటకొస్తే, మెసేజ్ రాసినాయన రిఫరల్‌ని లంచం అనుకున్నట్టున్నాడు. తెలిసినవాళ్ల రెజ్యూమే ఉద్యోగి పంపడం రిఫరల్. వాళ్లు చేరితే చాలాచోట్ల కంపెనీయే ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తుంది. అభ్యర్థి రూపాయి కట్టే పనిలేదు. ‘సెక్యూరిటీ డిపాజిట్’ అడిగారంటే అక్కడ ఉద్యోగం లేదని అర్థం.

‘అయితే రెజ్యూమేలో ఏం పెట్టాలన్నా?’ అన్నాడు మావాడు, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ. ఫైనల్ ఇయర్‌లో ఏం చేశావురా అన్నాను. హాస్టల్ మెస్ బిల్లుల ప్రోగ్రామ్. నెలాఖరున ఒకరికే రెండు బిల్లులు ఎందుకు పడ్డాయో, వార్డెన్ తిట్లు తిని దాన్నెలా పట్టుకున్నాడో టీ చల్లారేదాకా చెప్పాడు. అదే పెట్టమన్నాను.