బల్ల మీద తడి పని ఒక్కటే

ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి ముట్టుకోవాలన్న నియమం చేతి కాగితానికీ బైండింగ్‌కీ పనికిరాదు. ఈ పనుల్లో చెయ్యి ఆడే సేపు తక్కువ, ఆరనిచ్చే సేపు ఎక్కువ. అట్టకు ఎక్కించిన పుస్తకం ఒక రాత్రి, వీలైతే 24 గంటలు బరువు కింద ఉండాలి. మార్బ్లింగ్ (తేలే రంగుల నమూనాను కాగితానికి ఎక్కించడం) కోసం కలిపిన క్యారజీనన్ (సముద్రపు నాచు పొడి) ద్రావణంలో బుడగలు పోవడానికి 12 గంటలైనా పడుతుంది. ఈలోగా వేరే పని లేనివాళ్లే ఆరిందో లేదో అని మాటిమాటికీ బరువు ఎత్తి చూస్తారు. అట్ట వంకరపోయేది అప్పుడే. కాబట్టి నాలుగైదు పనులు సగంలో ఉంటే నష్టం లేదు, మంచిదే. జిగురో నీళ్లో తగిలే పని మాత్రం ఒక పూటలో ఒక్కటే ఉండాలి.

ఎందుకంటే జిగురు మనకోసం ఆగదు. పల్చగా రాసిన పీవీఏ (తెల్ల జిగురు) కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది. ఎండ్ పేపర్‌ను, అంటే పుస్తకాన్ని అట్టతో కలిపే మొదటి, చివరి కాగితాన్ని, అట్టకు అతికించేటప్పుడు దాని కింద పాత కాగితం ఒకటి దూర్చి, మధ్య నుంచి అంచులకు బ్రష్ లాగి, ఆ పాత కాగితాన్ని వెంటనే తీసేసి, అట్ట మూయాలి. పుస్తకం తిప్పి రెండో వైపూ ఇంతే. లోపల బటర్ పేపర్ పెట్టి బరువు కిందకు చేర్చాలి. ఎలా వచ్చిందో చూద్దామని మధ్యలో బార్లా తెరిస్తే, తడికి సాగిన కాగితం పుస్తకం వెన్ను (కుట్టిన అంచు) పక్కన ముడతపడుతుంది. ఆ ముడత ఇక పోదు. నిదానంగా పట్టేది కావాలంటే మైదా లై ఉంది. ఒక వంతు పిండికి ఐదు వంతుల నీళ్లు పోసి ఉడికించాలి. దానిలో తడి ఎక్కువ, కాగితం ఇంకా సాగుతుంది. పైగా రెండు మూడు రోజుల్లో పులుస్తుంది, అందుకే ఆ పూటకు సరిపడా చేసుకుంటే చాలు.

కుట్టు పొడి పని. ఎన్ని రోజులైనా ఆపొచ్చు, కానీ సెక్షన్ (కలిపి మడిచిన కాగితాల కట్ట) చివర ముడి వేశాకే ఆపాలి. మధ్యలో వదిలితే దారం వదులవుతుంది. తర్వాత దాన్ని బిగించబోయి వెనక్కి లాగితే రంధ్రం చిరుగుతుంది. బిగింపు ఎప్పుడూ మడత వెంబడి, కుట్టు సాగే దిక్కుకే. 21 సెం.మీ. ఎత్తు, ఆరు సెక్షన్లు అయితే దారం ఆరుకు ఒకటి కలిపి 21 × 7, అంటే సుమారు ఒకటిన్నర మీటరు. తేనె మైనం ఒక్కసారి రుద్దితే చాలు.

ఒకేసారి మూడు నాలుగు పనులు నడిపేవాళ్లను దెబ్బతీసేది కాగితం ముక్కలు. ఏ ముక్క ఏ షీటుదో కలిసిపోయాక గ్రెయిన్ (కాగితంలో నారలు సాగే దిక్కు) ఎటుందో తెలియదు. తడిసినప్పుడు కాగితం గ్రెయిన్‌కు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అందుకే పేజీలకూ అట్టకూ గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే వెన్ను దగ్గర పేజీలు అలలు తిరుగుతాయి. కోసిన వెంటనే ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో బాణం గుర్తు వేయండి. గుర్తు లేని ముక్కను రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, సులువుగా వంగినప్పుడు మడత పడే గీతే గ్రెయిన్ దిక్కు.

అట్టలన్నీ ముందే గుడ్డ తొడిగి పెట్టుకుంటే సమయం మిగులుతుందనుకుంటారు. గుడ్డ ఆరుతూ అట్టను తనవైపు లాగుతుంది. లోపలి వైపు ఎండ్ పేపర్ అంటుకునేదాకా ఆ లాగుడుకు ఎదురు లాగేది ఏదీ ఉండదు. అందుకని తొడిగిన అట్టలు పుస్తకానికి ఎక్కేదాకా బరువు కిందే ఉండాలి. నిజానికి ఇంట్లో ఎన్ని పనులు పెట్టుకోవచ్చో తేల్చేది ఈ బరువులూ పలకలే. మన ఉత్సాహాన్ని బట్టి లెక్కేస్తే కుదరదు. చిన్న పుస్తకం మీద పెద్దది పెడితే చిన్నదాని అంచు పెద్దదాని అట్ట మీద అచ్చు దిగుతుంది. మధ్యలో పలక వేయాల్సిందే.

చేతి కాగితానికి కలిపిన గుజ్జు మాత్రం ఎదురుచూడదు. వాడనిది పిండి, ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెడితే కొద్ది రోజులు ఆగుతుంది, బయట ఉంచితే కంపు కొడుతుంది. రంగు పట్టడానికి పటిక రాసిన కాగితాన్నీ అదే రోజు మార్బ్లింగ్‌లో ముంచేయడం మేలు.

ఒక్కో పనికి ఒక్కో ట్రే, దానిలో ఒక చీటీ. అయిపోయిన పనుల జాబితా ఎవరికీ అక్కర్లేదు, తర్వాత చేయాల్సిందే రాయండి: "బోర్డు 2 మి.మీ., ఎత్తు 216, గ్రెయిన్ నిలువు, వెన్ను మందం కొలవాలి." ఆ చివరి మాట ప్రతి చీటీలోనూ ఉండాలి. మూడు పుస్తకాల బోర్డులు ఒకేసారి కోసుకోవచ్చు, వెన్ను పట్టీలు మాత్రం కోయకూడదు. కుట్టిన దారం వల్ల ప్రతి పుస్తకమూ వెన్ను దగ్గర ఒక్కోలా ఉబ్బుతుంది. వెన్నుకు జిగురు పట్టి ఆరాకే ఆ కొలత తీయాలి.