ఏప్రిల్ కవరుకూ అక్టోబరు బిల్లుకూ నడుమ

ఏటా ఏప్రిల్‌లో మా ఇంటికి, ఆస్తులకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక కవరు వస్తుంది. జనవరి 1 నాటికి మీ ఇంటి విలువ ఇంత అని అందులో రాసి ఉంటుంది. అక్టోబరులో ఇంటి పన్ను బిల్లు వస్తుంది. టెక్సస్‌లో సొంత ఇల్లున్న తెలుగువాళ్లు ఏ ఇద్దరు కలిసినా మాట ఈ రెండింటి మీదికే పోతుంది: విలువ ఎంత వేశారు, బిల్లు ఎంత వచ్చింది. కవరుకూ బిల్లుకూ నడుమ ఆరు నెలలున్నాయి. మన పన్ను తేలేది ఆ ఆరు నెలల్లోనే. ఆ కాలంలో, అది తేలే చోట్ల మనవాళ్లు కనిపించరు. భారం నిజమైనదే, దాని గురించి మొర పెట్టుకునే హక్కు మనకుంది. కాని ఆ మొర వినాల్సిన చోట మన గొంతు లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనలో చాలామందికి ఇంటి పన్ను అంటే చిన్నప్పుడు చూసిన పంచాయతీ రసీదే. ట్రంకు పెట్టెలో పొలం కాగితాల పక్కన మడిచి దాచేవారు. కరెంటు కనెక్షనుకో, చిరునామా రుజువుకో బయటికి తీసేవారు. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తున్నారు. ఇంటి పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకున్నవాళ్లు మా ఊళ్లో నాకు ఒక్కరూ తెలియదు. ఆ భావనతోనే ఇక్కడికి వచ్చాం. అందుకే ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, కేటీలోనో ఇల్లు కొనేటప్పుడు తూర్పు వాకిలా కాదా, బడి ఎలాంటిది, గుడి ఎంత దూరం, వడ్డీ ఎంత అని పది సార్లు అడుగుతాం. వంద డాలర్ల విలువకు పన్ను ఎంత అని మాత్రం అడగం.

మేమూ అడగలేదు. 2016 వేసవిలో కొత్త కాలనీలో ఇల్లు కొన్నాం. కట్టినవారు చూపిన లెక్కలో నెల కిస్తీ మాకు అందుబాటులోనే ఉంది. మొదటి ఏడాది పన్ను 1,700 డాలర్లకు లోపే వచ్చింది. రెండో ఏడాది 7,000 దాటింది. కారణం తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టెక్సస్‌లో పన్నుకు లెక్క జనవరి 1 నాటి స్థితి. ఆ రోజున మా ఇల్లు లేదు, ఖాళీ స్థలం ఉంది. మొదటి బిల్లు ఆ స్థలానికి వేసింది. పన్ను కట్టడానికని అప్పు ఇచ్చినవారు మా కిస్తీలో ఎస్క్రో కింద నెలనెలా పట్టుకునే సొమ్మునూ అదే లెక్కన వేశారు. మరుసటి ఏడాది ఇల్లంతటికీ బిల్లు వచ్చేసరికి తక్కువ పడిన సొమ్ము ఒకవైపు, వచ్చే ఏడాదికి కావలసింది ఇంకోవైపు, రెండూ కలిసి నెలకు 900 డాలర్లకు పైగా పెరిగాయి. అప్పటికి మా రెండో పాపకు ఏడో నెల. ఇల్లు అమ్మినవారికి గాని, అప్పు ఇచ్చినవారికి గాని ఇది తెలియని సంగతి కాదు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఇంకాస్త చిన్న ఇల్లు చూసుకునేవాళ్లం. ఇప్పటికీ ఏటా కొత్త కాలనీల్లో ఇళ్లు కొనే మన పిల్లలకు ఇదే జరుగుతోంది. పైగా నగర హద్దులు దాటిన కాలనీల్లో నీరు, మురుగు పనుల అప్పు తీర్చే యుటిలిటీ డిస్ట్రిక్ట్ పన్ను కూడా తోడవుతుంది. అది పక్క ఊరి పాత ఇంటికి ఉండదు.

పన్ను ఇంత ఎక్కువ ఎందుకంటే, టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. 2019లో రాజ్యాంగ సవరణతో వ్యక్తుల మీద ఆ పన్ను వేయడాన్ని నిషేధించారు కూడా. ఉద్యోగానికి ఈ రాష్ట్రం వచ్చేటప్పుడు మనం సంతోషించింది ఈ మాటకే. కాని బడులు నడవాలి, రోడ్లు వేయాలి, పోలీసులకు జీతాలివ్వాలి. అందులో పెద్ద వాటా ఇళ్ల మీద పడుతుంది. 5,00,000 డాలర్ల ఇంటికి అన్ని పద్దులూ కలిపి వందకు 2.20 డాలర్లు ఉందనుకుంటే, మినహాయింపులు లేకుండా ఏడాదికి 11,000. ఆదాయపు పన్ను ఆదాయం పోతే ఆగిపోతుంది. ఇది ఆగదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మరో కొలువు వెతుక్కోవడానికి దొరికేది మహా అయితే 60 రోజులు. జనవరి 31 లోపు పన్ను కట్టకపోతే మాత్రం ఫిబ్రవరి 1కే జరిమానా, వడ్డీ కలిసి 7 శాతం పడుతుంది. ఇంటి విలువ లక్ష డాలర్లు పెరిగిందని కాగితం చెబుతుంది. ఆ లక్ష అమ్మినప్పుడు కదా చేతికొచ్చేది! ఉంటున్న ఇంటిని ఎవరు అమ్ముకుంటారు? చేతికి రాని సొమ్ము మీద ఏటా పన్ను కట్టించుకోవడంలోని అన్యాయం నాకు ఎన్నేళ్లయినా మింగుడు పడడం లేదు.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయారు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. ఇంటి అప్పు తీరి చాలా ఏళ్లయింది. "అప్పు తీరినా ఇంకా అద్దె కడుతున్నట్టే ఉంది బాబూ" అన్నారు ఒకసారి. 65 ఏళ్లు నిండినవారికి బడి పన్ను, అంటే ఇంటి పన్నులో బడులకు పోయే భాగం, ఒక స్థాయి దాటి పెరగకుండా నిలిపివేసే వీలుందని, ఇంట్లో ఉన్నంతకాలం పన్నును వాయిదా వేసుకుని ఏటా 5 శాతం వడ్డీతో తర్వాత తీర్చే వీలు కూడా ఉందని ఆమెకు తెలియదు. కాగితాలు పట్టుకుని కార్యాలయానికి తీసుకెళ్లాను. పని అరగంటలో అయిపోయింది. ఆ అరగంట పని తెలియక ఆమె ఎన్నేళ్లు అనవసరంగా కట్టారో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మినహాయింపుల మాట. మనం ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది, అంటే ఇంటి విలువలో కొంత తీసేసి మిగిలినదానికే పన్ను వేస్తారు. బడి పన్ను వరకు అది 2022లో 40,000 డాలర్లు, 2023లో 1,00,000, 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన సవరణతో 1,40,000 అయింది. 65 దాటినవారికి మొత్తం 2,00,000. బడి పన్ను వందకు 1 డాలరు ఉన్న చోట 1,40,000 మినహాయింపు అంటే ఏడాదికి 1,400 డాలర్లు మిగిలినట్టు. పైగా ఆ మినహాయింపు ఉన్న ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు. దీనికి పౌరసత్వం అక్కరలేదు. ఇల్లు మీ పేర ఉండాలి, మీరు అందులో ఉండాలి, డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామాయే ఉండాలి. దరఖాస్తుకు ఒక్క డాలరు ఖర్చు లేదు. ప్రభుత్వ ఉత్తరంలా కనిపించే కాగితం పంపి, రుసుము తీసుకుని దరఖాస్తు చేసిపెడతామనేవారిని నమ్మకండి. మరచిపోయి ఉంటే గడువు దాటిన రెండేళ్ల వరకు కూడా వెనక్కి వర్తింపజేస్తారు.

ఏప్రిల్ కవరులోని విలువ తప్పనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల లోపు, ఏది తరువాతైతే అది, అభ్యంతరం చెప్పవచ్చు. 2018లో నేను మొదటిసారి వెళ్లాను. ఉత్తర టెక్సస్ నేల మన గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలాంటిదే: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది, పునాది కదులుతుంది. అందుకే వేసవిలో ఇక్కడివాళ్లు పునాది చుట్టూ నీళ్లు పెడతారు. మా గోడ మీది బీటల ఫొటోలు, మరమ్మతుకు రాయించుకున్న అంచనా, అదే వీధిలో అలాంటి ఇళ్లకు వేసిన విలువలు పట్టుకెళ్లాను. అభ్యంతరాలు వినే బోర్డు సభ్యులు ముగ్గురు కూర్చున్నారు. పావుగంటలో వినడం, తేల్చడం రెండూ అయ్యాయి. 18,000 డాలర్ల విలువ తగ్గింది, పన్నులో దాదాపు 400 డాలర్లు. ఒక సంగతి మరవకండి. కవరులో మార్కెట్ విలువ వేరు, 10 శాతం పరిమితికి లోబడి పన్ను వేసే విలువ వేరు. మార్కెట్ విలువను తగ్గించినా అది రెండో అంకె కన్నా పైనే ఉంటే ఆ ఏడాది మీ బిల్లు మారదు. ఆ తేడా చూడకుండా సెలవు పెట్టి వెళ్లి, ఉత్త చేతులతో వచ్చినవారు నాకు తెలుసు.

ఇంతవరకు మనవాళ్లు కొందరు బాగానే చేస్తున్నారు. అసలు లోపం దీని తరువాత ఉంది. పన్ను అంటే విలువను రేటుతో గుణిస్తే వచ్చేది. మేలో విలువతో పోరాడతాం, రేటును పూర్తిగా మరచిపోతాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో నగర కౌన్సిలు, కౌంటీ కమిషనర్ల కోర్టు (పేరు కోర్టే గాని అది కౌంటీ పాలకమండలి), స్కూల్ బోర్డు బహిరంగ సమావేశాలు పెట్టి రేటు నిర్ణయిస్తాయి. ఎవరైనా వెళ్లవచ్చు, మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. "మేము రేటు పెంచలేదు" అని అక్కడ గర్వంగా చెబుతారు. విలువలు పెరిగిన ఏడాది రేటు అలాగే ఉంచితే పన్ను పెరిగినట్టే! అవే ఆస్తుల మీద నిరుటి రాబడే వచ్చే రేటు ఎంతో లెక్కగట్టి ప్రకటించాలని చట్టమే చెబుతుంది. ఆ అంకె పక్కన వాళ్లు ప్రతిపాదించిన అంకె పెట్టి చూస్తే అసలు పెంపు ఎంతో తెలిసిపోతుంది. నిరుడు ఆగస్టులో మా ఊరి సమావేశానికి వెళ్లాను. మా నగరంలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ గదిలో పట్టుమని ఇరవై మంది లేరు, తెలుగువాణ్ని నేనొక్కణ్నే.

నేను పన్నుకు వ్యతిరేకిని కాను. మనం ఈ ఊళ్లకు వచ్చిందే బడుల కోసం. ధనిక ప్రాంతాల పన్నులో కొంత పేద ప్రాంతాల బడులకు పోవాలన్న 1993 చట్టం మూలసూత్రం సరైనదని నమ్ముతాను. ప్లేనో, ఆస్టిన్ బడులు అలా కోట్ల డాలర్లు పంపాయి. నా ఆక్షేపణ రాష్ట్రం మీద. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో దానికి కలిపింది 55 డాలర్లు. ఈ మధ్య కాలంలో మన ఇళ్ల విలువలు ఎంత ఎగిశాయో మనకు తెలుసు. బడికి రావలసిన మొత్తం కదలనప్పుడు, స్థానికంగా వసూలు పెరిగిన కొద్దీ రాష్ట్రం వేయాల్సిన వాటా తగ్గుతుంది. అంటే నేను ఎక్కువ కట్టినందుకు మా పాప తరగతికి ఇంకో టీచరు రాలేదు. బడి రేట్లు తగ్గించడానికి రాష్ట్రం కొన్ని వేల కోట్ల డాలర్లు ఇచ్చిన మాట నిజమే. అవి ఖజానా నిండుగా ఉన్న రోజుల్లో ఇచ్చినవి. ఖజానా తగ్గిన రోజున ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు. అద్దె ఇళ్లలో ఉండే మన విద్యార్థులకు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు హోమ్‌స్టెడ్ మినహాయింపు ఎలాగూ లేదు. యజమాని కట్టే పన్ను అద్దెలో కలిసి వాళ్ల మీదే పడుతుంది.

వీసా మీదా, గ్రీన్‌కార్డు మీదా ఉన్నవారు ఓటు వేయలేరు. పన్ను కడుతూ ఏళ్ల తరబడి ఓటు లేకుండా ఉండటం మన సమాజానికి పట్టిన ప్రత్యేక బాధ. అందుకే పౌరసత్వం వచ్చినవారి మీద రెండింతల బాధ్యత ఉంది. చాలా ఊళ్లలో కౌన్సిలు, స్కూల్ బోర్డు ఎన్నికలు మే మొదటి శనివారం జరుగుతాయి. బడి బాండ్ల, అంటే బడులకు అప్పు తెచ్చే, ప్రశ్న ఉంటే బ్యాలెట్ మీద "ఇది ఆస్తి పన్ను పెంపు" అని పెద్ద అక్షరాల్లో రాయాలని చట్టం ఉంది. అంత స్పష్టంగా అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనం వెళ్లడం లేదు. ఆ శనివారం మన సంఘాల్లో సాంస్కృతిక కార్యక్రమం ఉంటుంది, లేదా ఎవరింట్లోనో గృహప్రవేశం ఉంటుంది.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపం. ఉగాది సంబరాలు ముగిశాక ఏప్రిల్ చివరి వారంలో ఒక సాయంత్రం పన్ను కోసం కేటాయించండి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు, పెద్దవాళ్లు వాళ్ల కవర్లు తెచ్చుకుంటారు. మినహాయింపు దరఖాస్తులు అక్కడే నింపుదాం. మే మొదటి శనివారం కార్యక్రమాలు పెట్టవద్దు. పెడితే ఓటు వేసి వచ్చాక సాయంత్రం పెట్టండి. ఆగస్టులో నగరం, కౌంటీ, స్కూల్ బోర్డు సమావేశాల తేదీలు మన వాట్సాప్ గుంపుల్లో వేస్తాను. 2018లో నేను పట్టుకెళ్లిన కాగితాల ఫైలు ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది, ఎలా తయారు చేయాలో చూడదలచినవారు అడగండి, తెస్తాను.