వారాంతానికి రెండు క్రెడిట్లు

పై చదువులకు జర్మనీ వెళ్లినవాళ్లు అక్కడ చదువుకుంటారని ఇంట్లోవాళ్లకు ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నా ఉద్దేశం కాదు. చదువు జరుగుతుంది. కాకపోతే అది శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఊళ్లు తిరగడానికి బస్సెక్కడంతో మొదలై ఆదివారం అర్ధరాత్రికి ముగుస్తుంది. మిగతా ఐదు రోజులూ ఆ బడలిక తీర్చుకోవడానికి యూనివర్సిటీవారు దయతలచి ఇచ్చిన సెలవులు. వెచ్చటి హాలు, కాళ్లు చాపుకునేంత చోటు, ఎదురుగా ఒకే స్థాయిలో మాట్లాడే పెద్దమనిషి. నిద్రకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇంత కఠోరమైన వారాంతపు చదువుకు ఒక్క మార్కూ ఇవ్వకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఊరికే అనడం లేదు, లెక్కతో అంటున్నాను. యూరప్ యూనివర్సిటీల్లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పడే 25 నుంచి 30 గంటల శ్రమ. సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఏడాదికి 60. శుక్రవారం ఆరు నుంచి ఆదివారం అర్ధరాత్రి వరకు 54 గంటలు. క్రెడిట్‌కు 27 గంటలు వేసుకుంటే ట్రిప్పుకు రెండు క్రెడిట్లు. సెమిస్టరులో 15 వారాంతాలు అనుకుంటే పదిహేను రెళ్లు ముప్పై. ఒక్క క్లాసుకూ వెళ్లకుండా, ఒక్క అసైన్‌మెంటూ రాయకుండా సెమిస్టరు గట్టెక్కుతుంది. ఇంత శుభ్రంగా కుదిరిన లెక్క నా థీసిస్‌లో కూడా లేదు.

నిద్రపోయిన గంటలు తీసేయాలి కదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు రాత్రి బస్సులో టాయిలెట్ పక్క సీట్లో ఎప్పుడూ కూర్చోలేదన్నమాట. ఒక్క మినహాయింపుకు మాత్రం ఒప్పుకుంటాను. మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున వేసవి వేళల కోసం ఇక్కడి గడియారాలు రెండు నుంచి ఒక్కసారిగా మూడుకు దూకుతాయి. ఆ వారాంతం 53 గంటలే. మావాడొకడు ఆ రాత్రి ఫోన్ చార్జింగ్ అయిపోయి చేతి గడియారాన్ని నమ్ముకున్నాడు. ఆరింటి బస్సుకు ఐదున్నరకే వచ్చేశానని గర్వంగా స్టాండులో కూర్చున్నాడు. బస్సు వెళ్లి అప్పటికి అరగంట. అక్టోబరు చివరి ఆదివారం ఆ గంటను తిరిగిచ్చేశారు గానీ, వాడి టికెట్ డబ్బులు ఎవరూ తిరిగివ్వలేదు.

ఇదేదో మేం కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండులో డబ్బున్నవాళ్ల కొడుకులు చదువు పూర్తయిందనిపించుకోవడానికి పారిస్, వెనిస్, రోమ్ తిరిగొచ్చేవారు. గ్రాండ్ టూర్ అనేవారు దాన్ని. నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్లే పట్టేది. కుర్రాళ్లు దారి తప్పకుండా వెంట ఒక ట్యూటరును పంపేవారు. ఆయనకు జనం పెట్టిన ముద్దుపేరు ‘ఎలుగుబంటిని ఆడించేవాడు’. వాళ్లు ఏళ్ల తరబడి చూసిన రోమ్‌ను మేం ఒకటిన్నర రోజులో ముగించేస్తున్నాం. ఎలుగుబంట్లను ఆడించే పని మా గుంపులో అక్కది. మాకంటే రెండు సెమిస్టర్లు సీనియరు. ఎక్సెల్ షీటు ఆమెదే, టికెట్లు ఆమె ఫోన్‌లోనే. ఏ ఊరెళ్లినా కట్టడాల వైపు వీపు పెట్టి మా తలలు లెక్కపెడుతూ ఉంటుంది. పాపం, కొలోన్ చర్చిని ఆమె మొదటిసారి సరిగ్గా చూసింది మా ఫొటోల్లోనే.

మొదటి పాఠం రాజనీతి. బుధవారం రాత్రి అక్క గ్రూపులో ‘బ్రస్సెల్స్, ఎవరెవరు?’ అని పెడుతుంది. ఎనిమిది బొటనవేళ్లు లేస్తాయి. గురువారం ఎనిమిది మందికీ టికెట్లూ పడకలూ బుక్ అవుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాజీనామాలు మొదలు. ఒకడికి జ్వరం, ఒకడికి ప్రాజెక్టు డెడ్‌లైన్, ఒకడికి ‘మామా, మూడ్ లేదురా’. నాలుగోవాడు ఏ కారణమూ చెప్పడు. నీలం టిక్కులు మాత్రం పడతాయి. ఆరింటికి స్టాండులో తేలేది నలుగురం. ప్రజాస్వామ్యంలో ఓటుకూ ఒంటికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా ఏ క్లాసులోనూ బోధపడదు.

జర్మనీ లోపల తిరగడమైతే వేరే శాస్త్రం. మా స్టూడెంట్ టికెట్‌తో దేశమంతా తిరగొచ్చు. ఒకటే షరతు, స్పీడు రైళ్లు ఎక్కకూడదు, ఊరూరా ఆగే రీజినల్ రైళ్లే ఎక్కాలి. మూడు గంటల దూరానికి ఏడు గంటలు, నాలుగు మార్పులు. మొదటి రైలు ఆరు నిమిషాలు ఆలస్యం. రెండో రైలు అందుకోవడానికి మన చేతిలో ఉన్నది ఐదు. ఆ ఒక్క నిమిషం పుణ్యాన, పేరు కూడా నోరు తిరగని ఒక ఊరి స్టేషన్లో మేం గంటసేపు ఉన్నాం. ఆదివారం కాబట్టి దుకాణాలన్నీ మూత. ప్లాట్‌ఫారం మీద చిరుతిళ్ల మెషీన్ ఒక్కటే వెలుగుతోంది. నాణేలు వేస్తే చిప్స్ ప్యాకెట్ ముందుకొచ్చి, స్ప్రింగు కొసన వేలాడి ఆగిపోయింది. మెకానికల్ ఎమ్మెస్ చేస్తున్నవాడు మెషీన్‌ను ఏ కోణంలో ఊపాలో లెక్కకట్టి భుజం ఆనించాడు. భుజం నొప్పి పుట్టింది. డేటా సైన్స్ వాడు ముందుకొచ్చి, అదే నంబరు మళ్లీ నొక్కితే రెండోది మొదటిదాన్ని తోసుకుంటూ పడే అవకాశమే ఎక్కువన్నాడు. నొక్కాం. రెండూ ఇరుక్కున్నాయి. ఇంకోటి కొందామా అని చర్చ జరుగుతుండగా రైలొచ్చింది. మా రెండు ప్యాకెట్లు అద్దం వెనక ఊగుతూ మాకు వీడ్కోలు చెప్పాయి. ప్రాక్టికల్స్ అంటే ఇవీ.

ఇక అంతర్జాతీయ సంబంధాలు. షెంగెన్ అనేది లగ్జంబర్గ్‌లో ఒక చిన్న ఊరు. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు ఆ ఊరి దగ్గర మోసెల్ నదిలో పడవ మీద కూర్చుని, సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు పెట్టారు. ఇప్పుడు ఆ గుంపులో 29 దేశాలున్నాయి. ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడిందంతా మావాడొకడు రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఇంకో ప్యాంటు జేబులో మర్చిపోయి నిశ్చింతగా తిరగడానికేనని మేం అనుకున్నాం. అయితే 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తాత్కాలిక తనిఖీలు మళ్లీ మొదలుపెట్టిందన్న సంగతి వాడు చదువుకోలేదు. బెల్జియంలోని బ్రస్సెల్స్ నుంచి తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున నాలుగింటికి బస్సాగింది. లైట్లు వెలిగాయి. పోలీసాయన వరుసగా కార్డులు చూస్తూ వచ్చి మావాడి ముందు ఆగాడు. వీడు ఫోన్ తీసి కార్డు ఫొటో చూపించాడు. ఆయన చాలా మర్యాదగా ‘నా ఫోన్‌లో కూడా మంచి ఫొటోలున్నాయి’ అన్నాడు. వాడు ఎవరో, ఎక్కడ చదువుతున్నాడో తేల్చడానికి నలభై నిమిషాలు పట్టింది. బస్సులో అందరూ మా నలుగురినీ చూశారు. ఆ చూపుల అనువాదం ఇక్కడ ఇవ్వలేను. వైవా అంటే అది. క్లాసులో వైవాకు ఐదో నిమిషంలోనే నీళ్లు నమిలేవాడు, ఆ రోజు అన్నిటికీ గడగడా జవాబులు చెప్పాడు.

ఇంతకీ బ్రస్సెల్స్‌లో ఏం చూశామంటారా? మన్నెకెన్ పిస్. ఒక వీధి మూల మీద నిలబడి నిరంతరాయంగా లఘుశంక తీర్చుకునే కంచు బాలుడు. ఎత్తు రెండడుగులు కూడా ఉండదు. రాత్రంతా ప్రయాణం చేసి, వర్షంలో గొడుగుల సందుల్లోంచి తొంగి చూసి, ‘ఇదేనా?’ అని నలుగురం ఒకేసారి అన్నాం. ఆ మాట అక్కడ రకరకాల భాషల్లో వినిపిస్తూనే ఉంది. అది నకలని, 17వ శతాబ్దపు అసలు విగ్రహం నగర మ్యూజియంలో భద్రంగా ఉందని తర్వాత తెలిసింది. ఆ పిల్లాడికి వెయ్యికి పైగా బట్టల జతలు ఉన్నాయట. మేం వెళ్లిన రోజున ఒక్కటీ వేయలేదు. మా దగ్గర తలా ఒక జత ఉంది, అదీ తడిసిపోయింది. అయినా ఆ ఫొటో కింద ‘కల నెరవేరిన వేళ’ అని రాశాను. సృజనాత్మక రచనకు విడిగా క్రెడిట్ అడగడం లేదు.

అన్నిటికంటే కష్టమైన పేపరు అర్థశాస్త్రం. ఖర్చులు పంచే యాప్ ఒకటి ఉంది. దాని ప్రకారం ప్రస్తుతం నేను అక్కకు బాకీ, అక్క మెకానికల్ వాడికి బాకీ, వాడు నాకు బాకీ. ముగ్గురం ఒకేసారి కళ్లు మూసుకుంటే అప్పు దానంతటదే తీరిపోతుందని నా వాదన. ఎవరూ ఒప్పుకోరు. రానివాళ్ల నాలుగు పడకల మాటేమిటన్నది అసలు వివాదం. ‘నేను పడుకోని మంచానికి నేనెందుకివ్వాలి?’ అంటాడు జ్వరం వచ్చినవాడు. ‘నువ్వు పడుకోని మంచానికి మేమెందుకివ్వాలి?’ అంటుంది అక్క. రెండూ న్యాయమే. ఇరుక్కున్న చిప్స్ ప్యాకెట్లను తినని వస్తువుల కింద రాయాలా, పెట్టుబడి నష్టం కింద రాయాలా అన్నది ఇంకా పెండింగులోనే ఉంది. ఈ చదువుకు పరీక్ష ఏదని యూనివర్సిటీవారు అడిగితే మా జవాబు సిద్ధం: బాకీలు తీర్చినవాడు పాస్. అలాగైతే మా బ్యాచ్ పట్టాల పండుగకు హాలు బుక్ చేయాల్సిన పని ఉండదు.

ఈ వాదనలన్నీ కలిపి మూడు పేజీల దరఖాస్తు తయారుచేశాను. పరీక్షల విభాగంలో ఇచ్చే ముందు ఎనిమిది మందీ సంతకాలు పెడితే బలంగా ఉంటుందని అక్క సలహా ఇచ్చింది. ‘గురువారం పది గంటలకు లైబ్రరీ ముందు కలుద్దాం’ అని గ్రూపులో పెట్టాను. నిమిషంలో ఎనిమిది బొటనవేళ్లు లేచాయి.

ముగ్గురం వచ్చాం. ప్రింటు ఖర్చు ఎనిమిది మంది పేర్ల మీదా యాప్‌లో వేశాను.