అమెరికాకు పట్టిన ఏలినాటి శని

అమెరికా కాంగ్రెసుకు జ్యోతిషం తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. తీర్చని అప్పు తాలూకు మచ్చ, మనిషి అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టులో ఎన్నాళ్లు కనిపించవచ్చో చెబుతూ 1970లో వాళ్లొక చట్టం చేశారు. ఏడేళ్లు అన్నారు. మన సిద్ధాంతులు చూసి ఉంటే పెదవి విరిచేవారు, లెక్కలో అర్ధ సంవత్సరం తగ్గింది మరి. ఆ లోపాన్ని 1996 సవరణ సరిదిద్దింది. అప్పు వసూళ్లకు వెళ్లిందంటే ఏడేళ్ల లెక్క వాయిదా తప్పిన నాడు మొదలు కాదు, ఆ తర్వాత 180 రోజులు గడిచాక మొదలవుతుంది. ఏడేళ్ల మీద ఆరు నెలలు. ఏలినాటి శని సరిగ్గా ఏడున్నరేళ్లే! ముహూర్తం పెట్టిన పంతులుగారి పేరు మాత్రం సభా కార్యకలాపాల్లో నమోదు కాలేదు.

శని మూడు రాశుల్లో సంచరిస్తాడు. అక్కడి అప్పుదీ అదే సంచారం. మొదట కార్డు ఇచ్చిన బ్యాంకువాళ్లే మర్యాదగా ఫోను చేస్తారు. తర్వాత కమీషన్ మీద పనిచేసే వసూలు ఏజెన్సీ చేస్తుంది, మర్యాద కొంత తగ్గుతుంది. చివరికి పాత అప్పులను గంపగుత్తగా కొనే కంపెనీ చేతిలో పడుతుంది. ఈ కంపెనీలు డాలరు అప్పును సగటున 4 సెంట్లకు కొంటున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో లెక్క తేల్చింది. నాలుగు సెంట్లకు కొన్న శనిని నూరు సెంట్ల ధరకు మన నెత్తిన ఎక్కించడం సామాన్యమైన వ్యాపార దక్షత కాదు.

ఒక మనిషి 2018 మార్చిలో కార్డు వాయిదా తప్పాడు, మళ్లీ కట్టలేదు అనుకుందాం. 180 రోజులు కలిపితే సెప్టెంబరు. అక్కడి నుంచి ఏడేళ్లు. అంటే 2025 సెప్టెంబరు దాటాక ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ బ్యూరోల రిపోర్టుల్లో ఆ వసూలు పద్దు ఉండకూడదు. మధ్యలో అప్పు 2020లో ఒకరికి, 2022లో ఇంకొకరికి అమ్ముడుపోయినా గడువు మారదు. జాతకుడు ఇల్లు మారినంత మాత్రాన శని మళ్లీ మొదటి నుంచి పట్టడు కదా. అయితే కొందరు వసూలుదారులకు ఈ శాస్త్రం మీద గురి తక్కువ. కొన్న తేదీనే వాయిదా తప్పిన తేదీగా బ్యూరోలకు పంపి, ముసలి అప్పుకు యౌవనం పోస్తారు. ఇది చట్టవిరుద్ధం. రిపోర్టు తెప్పించుకుని, తేదీ చూసి, తప్పని రాసి పంపితే బ్యూరో సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. చూడనివాడి రిపోర్టులో అప్పు నిత్యయౌవనంతో వెలుగుతూనే ఉంటుంది.

ఇక శాంతి ప్రక్రియ. మనవాళ్లు మందపల్లి వెళ్లి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించుకుంటారు. నూనె పోసిన పాపానికి ఏడున్నరేళ్లు మళ్లీ మొదలయ్యాయని ఇంతవరకు ఏ భక్తుడూ ఫిర్యాదు చేయలేదు. అమెరికాలో ఆ భరోసా లేదు. అక్కడి శనికి రెండు గడియారాలు. ఒకటి రిపోర్టుది, అది మనం కట్టినా కట్టకపోయినా ఆగదు, వెనక్కి తిరగదు. రెండోది కోర్టుది. దావా వేయడానికి ఉన్న కాలపరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల మూడు నుంచి ఆరేళ్లు. అది దాటాక దావా వేయడం గానీ, వేస్తామని బెదిరించడం గానీ కూడదని 2021 నవంబరు నుంచి కేంద్ర నియమం ఉంది. బెదిరించకూడదన్నారు గానీ బతిమాలకూడదని అనలేదు. అందుకే ఆ ఫోను అంత తియ్యగా వస్తుంది. “మొత్తం వద్దు సార్, ఓ పాతిక డాలర్లు కట్టండి, మీ సదుద్దేశం తెలిస్తే చాలు.” కొన్ని రాష్ట్రాల్లో ఆ పాతికతో చచ్చిన కాలపరిమితి లేచి కూర్చుంటుంది. సదుద్దేశానికి ఇంత ఖరీదు కట్టిన దేశం మరొకటి ఉందో లేదో. ఈ తియ్యటి ఫోన్లకూ హద్దు ఉందండోయ్. ఒక అప్పు గురించి ఏడు రోజుల్లో ఏడుసార్లకు మించి చేస్తే వేధింపు కిందే లెక్క. ఏడు మీద వాళ్లకు ఎంత భక్తో చూశారా!

రెండు గడియారాల గడువూ తీరిపోయింది కదా, అప్పు తీరినట్టేనా? చాలా రాష్ట్రాల్లో తీరదు. రిపోర్టు నోరు మూసుకుంటుంది, కోర్టు తలుపు మూసుకుంటుంది, రుణం మాత్రం పూర్వజన్మ సుకృతంలా అలాగే ఉంటుంది.

గ్రహం స్తోమతను కూడా గమనిస్తుంది. లక్షన్నర డాలర్లు, అంతకు మించిన రుణం అడిగేవాడి విషయంలోనూ, ఏటా 75,000 డాలర్లు, ఆపైన జీతమిచ్చే ఉద్యోగం విషయంలోనూ రిపోర్టుకున్న ఏడేళ్ల గడువు వర్తించదని ఆ 1970 చట్టంలోనే ఉంది. పాత పద్దులు తవ్వుకోవచ్చు. బ్యూరోలు సాధారణంగా ఆ జోలికి పోవు, అది వాళ్ల దయ.

ఆసుపత్రి బిల్లుల దశ వేరు. కట్టేసిన వైద్య బాకీలను 2022 జులైలో, 500 డాలర్ల లోపు బాకీలను 2023 ఏప్రిల్‌లో బ్యూరోలు తమంతట తామే తొలగించాయి. మిగిలినవన్నీ తీసేయాలని 2025 జనవరిలో ప్రభుత్వ సంస్థ నియమం తెచ్చింది. జులైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. శుభదృష్టి అమల్లోకి రాకముందే పోయింది.

ఈ బాధలన్నీ ఎందుకని హైదరాబాద్ విమానం ఎక్కేద్దామనుకునే మన కుర్రాళ్లకు ఒక మాట. అక్కడి రిపోర్టు మామూలుగా వెంట రాదు, నిజమే. కానీ ఇక్కడ కొత్త జాతకం రాస్తారు. అమెరికా చట్టం ఏడేళ్లకు మించి చూపకూడదంటే, మన 2006 నిబంధనలు రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచమన్నాయి. కనీసం సరే, గరిష్ఠం ఎంతని బ్యాంకు కౌంటరు దగ్గర అడిగి చూడండి, ముందు ఆధార్ జిరాక్సు ఇమ్మంటారు.