బావ పట్టిన యక్షుడు

రిటైరైన మా బావ కెమెరా కొన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. రాతి ఫొటో తీసి, దాన్నే అద్దంలోలా తిరగేసి పక్కన అతికిస్తే కొండల్లో దాగిన యక్షులూ వనదేవతలూ బయటపడతారని ఎవరో నూరిపోశారు. బయటపడక ఏం చేస్తారు పాపం! ఒక్క పగులుంటే రెండు కళ్ళవుతాయి. కుడీ ఎడమా ఒకేలా ఉంటే చాలు, ముక్కూ మూతీ మన బుర్రే తగిలించేస్తుంది.

1976లో వైకింగ్ వ్యోమనౌక పంపిన ఫొటోలో అంగారకుడి మీద మనిషి మొహం ఉందని లోకం గగ్గోలు పెట్టిందనీ, 2001లో ఇంకా స్పష్టంగా తీస్తే ఉత్త గుట్టేననీ చెప్పి చూశాను.

"మనం దగ్గరికెళ్తే వాడు దాక్కోడేటి?" అన్నాడు బావ.

బొర్రా గుహల్లో గైడు టార్చి వేసి "ఇది శివపార్వతులు, ఇది ఋషి గడ్డం" అంటే తలూపి వచ్చినవాణ్ణే కాబట్టి ఇంకేమీ అనలేకపోయాను.

విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో రాక్షసులు దొరికారు. డాల్ఫిన్ నోస్ కొండ మీద ఓ గంధర్వుడు పవళించాడు. సముద్రపొడ్డునున్న మంగమారిపేట శిలాతోరణం దగ్గర మాత్రం సాక్షాత్తూ యక్షరాజే చిక్కాడు. పాచి పట్టిన బుగ్గలు, గుల్లలంటుకున్న గడ్డం, నెత్తిన నీలం కిరీటం, దాని నిండా గళ్ళు గళ్ళుగా రత్నాలు! బావ దాన్ని నిలువెత్తు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. మొదట విసుక్కున్న అక్క, పక్కింటావిడ దండం పెట్టేసరికి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించింది.

ఆదివారం చేపలావిడ కానాగంతల తట్ట గుమ్మంలో దించి, లోపలికి తొంగిచూసి కెవ్వుమంది.

"ఇది మా గుంటడి నాయన లుంగీ కాదేటమ్మా! రాయి మీద ఆరేత్తే ఎటెల్పోనాదో అని ఊరంతా ఎతికినాం!"

కిరీటం అంచున చిరుగుకి వేసిన ఎర్రదారం కుట్టు కూడా వేలు పెట్టి చూపించింది. రెండు వైపులా ఉంది మరి, తప్పించుకోవడానికి లేదు.

"మేం ఫొటోయే తీశాం గానీ లుంగీ తేలేదమ్మా" అన్నాడు బావ నీళ్ళు నములుతూ.

ఆవిడ ఫ్రేముని ఎగాదిగా చూసింది.

"అది సర్లే బాబూ. మాది ఒకటే కదా, ఆ రెండోది ఎవులదేటి?"

ఆ రోజు అక్క చేపలు బేరమాడలేదు.