సవరణ: క్లౌజ్‌కి ఆస్కార్ రాలేదు

కామిక్స్ ఆర్టిస్ట్ డేనియల్ క్లౌజ్ తన కామిక్ ఆధారంగా తీసిన 'ఘోస్ట్ వరల్డ్' సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ గెలిచాడని, ఆపై బొమ్మలు వదిలేసి సినిమాల్లో స్థిరపడ్డాడని మొన్న రాశాను. రెండూ తప్పే. వచ్చింది నామినేషన్ మాత్రమే, అదీ దర్శకుడు టెర్రీ జ్విగాఫ్‌తో కలిపి. అవార్డు 'ఎ బ్యూటిఫుల్ మైండ్'కి వెళ్లింది.

ఇక బొమ్మలు వదిలేయడమా! 2016లో 'పేషెన్స్', 2023లో 'మోనికా' గీశాడు. రెండోది నా అల్మారాలోనే ఉంది, అయినా అలా రాశాను చూడండి.

ఇంకోటి. 'ఘోస్ట్ వరల్డ్' సినిమాలో స్టీవ్ బుషెమీ వేసిన సీమోర్ పాత్ర కామిక్‌లోనూ ఉందన్నాను. లేదు. కథానాయికలైన అమ్మాయిలు ఫోన్ చేసి ఆటపట్టించే ఒక అనామకుడు మాత్రం కాసేపు కనిపిస్తాడు. సినిమాకి ప్రాణం పోసిన ఆ గ్రామఫోన్ రికార్డుల పిచ్చోడు సీమోర్ స్క్రిప్టులో పుట్టినవాడే.