దేవుడు పుట్టిన చోట పురుళ్లు నిషేధం

పరిపాలన అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు క్రీ.పూ. 426లో ఏథెన్స్ ఇచ్చిన ఒక ఉత్తర్వు గురించి తప్పక చదవాలి. ఏజియన్ సముద్రంలో డీలోస్ అనే బుల్లి దీవి ఉంది. మొత్తం కలిపినా నాలుగు చదరపు కిలోమీటర్లు ఉండదు. అపోలో దేవుడు అక్కడే పుట్టాడని గ్రీకుల నమ్మకం. ఆ క్షేత్రాన్ని శుద్ధి చేయాలని ఏథెన్స్‌కు బుద్ధి పుట్టింది. సమాధులు తవ్వించి, ఎముకలను పక్కనున్న రెనియా దీవికి తరలించింది. ఇకమీదట డీలోస్‌లో ఎవరూ చావకూడదు, ఎవరూ పుట్టకూడదు అంది. నెలలు నిండినవాళ్లనూ, కొన ఊపిరితో ఉన్నవాళ్లనూ పడవెక్కించి రెనియాకు పంపాలి.

మరణాల రేటును ఒక్క ఉత్తర్వుతో సున్నాకు దించిన ప్రభుత్వం నాకు తెలిసి మరొకటి లేదు.

రెనియా మరీ దూరమేం కాదు లెండి. మనం దేవుడికి గొలుసు చేయిస్తాం. సామోస్ దీవి పాలకుడు పాలిక్రటీస్ ఏకంగా రెనియాను డీలోస్‌కు గొలుసుతో కట్టి అపోలోకు సమర్పించాడు. అంత దగ్గర.

కిట్టనివాళ్లు ఊరుకోరు. అపోలో తల్లి లీటో తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు నొప్పులు పడి కన్నది ఆ దీవిలోనే కదా అంటారు. నిజమే, కానీ అప్పటికి ఉత్తర్వు రాలేదు. వచ్చి ఉంటే, ఖర్జూర చెట్టును పట్టుకుని మూలుగుతున్న ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి రేవు దాకా నడిపించేవాళ్లు. రూలంటే రూలే.

మినహాయింపులు లేవా? ఎందుకు లేవు! ఉత్తరాది నుంచి కానుకలు తెచ్చి అక్కడే కన్నుమూసిన కన్యలవని జనం మొక్కే రెండు సమాధుల జోలికి ఎవరూ పోలేదు. డీలోస్ అమ్మాయిలు పెళ్లికి ముందు ఒక పాయ జుట్టు కత్తిరించి, కదురుకు చుట్టి అందులో ఒకదాని మీద పెట్టేవాళ్లు. ఫ్రెంచ్ పురావస్తువాళ్లు తవ్వి చూస్తే అవి మైసీనియన్ కాలం నాటివని, అంటే ఉత్తర్వుకు ఎన్నో వందల ఏళ్ల ముందటివని తేలింది. పోయినవాళ్లకైనా పలుకుబడి ఉండాలి.

ఏథెన్స్ పనిని వట్టి శుద్ధి అనడం కూడా అన్యాయమే. సమాధుల్లోని ఆయుధాలు, పాతిపెట్టిన తీరు చూసి సగానికి పైగా కారియన్లవని, అంటే ఇప్పటి టర్కీ తీరపు జాతివాళ్లవని గుర్తుపట్టారని ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. చక్కని తవ్వకాల రిపోర్టు! 1898లో స్టావ్రోపౌలోస్ అనే గ్రీకు పరిశోధకుడు రెనియాలో ఆ ఎముకల గుంతను కనిపెట్టాడు. ఎముకలతో పాటు పోసిన కుండలు ఇప్పుడు మికొనోస్ మ్యూజియంలో ఉన్నాయి. సర్కారు ఉద్యోగికైనా రిటైరయ్యాక బదిలీలు ఉండవు.

1873 నుంచి ఫ్రెంచ్ వాళ్లు డీలోస్‌ను తవ్వుతూనే ఉన్నారు. రాళ్ల మీద చెక్కిన గుడి జమాఖర్చులు బోలెడు దొరికాయి. గుడి శుద్ధికి పంది పిల్ల కొన్న ఖర్చు కూడా అందులో ఉంది. పారదర్శకత అంటే అదీ. అయితే ఆ రాళ్లు పక్కన పెట్టి ఒక్కసారి తేదీలు చూడండి. క్రీ.పూ. 454లో, పర్షియాకు ఎదురు నిలవడానికి ఏథెన్స్ నాయకత్వంలో గ్రీకు నగరాలు కట్టిన కూటమి డీలోస్‌లో దాచుకున్న ఖజానాను భద్రత పేరుతో ఏథెన్స్ తన ఊరికి తెచ్చుకుంది. 426లో ఎముకలు పోయాయి. 422లో, ఇంకా మైల మిగిలిందంటూ బతికున్న దీవివాసులను కూడా వెళ్లగొట్టారు. ముందు డబ్బు, తర్వాత పూర్వీకులు, ఆఖరున మనుషులు. ఇంత వరస తప్పని శుద్ధిని ఏ పురోహితుడూ చేయించలేడు. డెల్ఫీలోని అపోలో గుడిలో పలికే దేవవాణి అడ్డుపడబట్టి గానీ, మరుసటి ఏడాది వాళ్లను వెనక్కి రానిచ్చేవాళ్లే కాదు.

ఈ దీవి మాదంటే మాదని డీలోస్ వాళ్లు ఏథెన్స్‌తో వాదులాడుతూ, మా ఆచారం ప్రకారం ఇక్కడ కాన్పులుండవు, ఖననాలుండవు అని గొప్పగా చెప్పుకున్నారట. అది విన్న ఒక స్పార్టా పెద్దాయన, మీలో ఎవరూ పుట్టని చోటు మీ సొంతూరు ఎలా అయిందయ్యా అని అడిగాడని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. స్థానికత సర్టిఫికెట్ కావాలంటే రెనియా వెళ్లి అప్లై చేసుకోవాలి మరి.